మైదానంలో ఒక ఉపాధ్యాయుడు: రహీం సాహెబ్

2024లో ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం విడుదలైన పిమ్మట ఒకనాడు తెలుగు పాఠం నడుమ ఒక విద్యార్థి లేచి, “సార్, ఆ రహీం సాహెబ్ నిజంగా ఉన్న మనిషేనా, లేక కథ కొరకు కల్పించినవాడా?” అని అడిగినాడు. గంట మోగేలోగా ముగించగల సమాధానం కాదది. కనుక ఈ సంచికలో వ్రాస్తున్నాను.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. పట్టా పొందారు. విద్యార్థిదశలో విశ్వవిద్యాలయపు జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. పిదప వృత్తిరీత్యా బడిపంతులైనారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన చోట్ల పాఠశాలలలో పనిచేశారు. వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది, పాఠశాలలోని ఆటల బాధ్యతను కూడ వహించారు. ఆటగాడు శిక్షకుడగుట లోకంలో సామాన్యమే. స్పెయిన్, ఇటలీ వంటి దేశాలలో పేరుమోసిన శిక్షకులలో పెక్కుమంది ఒకనాటి ఆటగాళ్ళే. కాని మన రహీం సాహెబ్ విషయంలో ఆటకును శిక్షణకును నడుమ నల్లబల్ల, సుద్దముక్క, హాజరుపట్టీ ఉన్నవి. ఆయన విజయరహస్యమంతా ఆ నడుమనే ఉన్నదని నా అభిప్రాయం.

1943లో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయినారు. 1950 నుండి హైదరాబాదు నగర పోలీసు జట్టుకు శిక్షకులైనారు. ఆ ఏడే ఆ జట్టు డ్యూరాండ్ కప్పు తుదిపోటీలో కలకత్తాకు చెందిన మోహన్ బగాన్‌ను ఓడించింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పునైతే 1950 మొదలు 1954 దాకా వరుసగా ఐదేండ్లు గెలిచింది. ఆ విజయాలు ఆరంభమైన నాటికి మన ఆదోని, ఎమ్మిగనూరు మద్రాసు రాష్ట్రంలో, బళ్ళారి జిల్లాలో ఉండేవి. 1953లో గాని మనం ఆంధ్ర రాష్ట్రంలో చేరలేదు. నిజాం నగరపు ఆటగాళ్ళు మనకు అప్పటికి పొరుగువారే.

ఆయన బోధనాపద్ధతిని కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. మన ఆటగాళ్ళకు బంతి దొరికితే చాలు, దానిని కాళ్ళ నడుమనే త్రిప్పుతూ నలుగురిని తప్పించుకొని పోవాలన్న మోజు. దానిని మాన్పించుటకు రహీం సాహెబ్ ఉపన్యాసమీయలేదు. బంతిని తన వద్ద అట్టిపెట్టుకొని డ్రిబ్లింగ్ చేయరాదన్న నిబంధనతో పోటీలు పెట్టించారు. అందిన బంతిని వెంటనే తోటివానికి అందించక గత్యంతరం లేదు. అట్లే బలహీనమైన కాలితో మాత్రమే తన్నవలెనన్న పోటీలు పెట్టించారు. కుడికాలివాడు ఎడమకాలితో ఆడి తీరవలె. వ్యాకరణసూత్రాన్ని వల్లె వేయించక, ఆ సూత్రం లేనిదే నడవని వాక్యాన్ని వ్రాయించే ఉపాధ్యాయుని పద్ధతి ఇది. ఖర్చు ఒక్క బంతి మాత్రమే. కమిటీ పెద్దలు ఈ మాటను గమనింప ప్రార్థన.

ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఇరాన్‌ను ఒక గోలుతో ఓడించి స్వర్ణపతకం పొందింది. మరుసటి ఏడే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో పరాభవం. చలిలో, తడిసిన పచ్చికమీద మనవారు కొందరు వట్టికాళ్ళతో ఆడారు. తరువాత దేశంలో బూట్లు తప్పనిసరి అయినవి. 1953లో హంగేరీ జట్టు ఇంగ్లండును వారి గడ్డమీదనే 6–3తో ఓడించినపుడు ప్రపంచమంతా ఆశ్చర్యపడింది. నట్టనడుమ ఆడే ముందువరుస ఆటగాడు వెనుకకు జరిగి, ప్రత్యర్థి రక్షకుని తన స్థానం నుండి బయటికి లాగుట వారి కిటుకు. రహీం సాహెబ్ దానిని శ్రద్ధగా పరిశీలించి మనవారికి నేర్పారు. నలుగురు వెనుక, ఇద్దరు నడుమ, నలుగురు ముందు నిలిచే అమరికను బ్రెజిల్ 1958లో లోకప్రసిద్ధం చేయకమునుపే ఆయన ప్రయోగించారని క్రీడాచరిత్రకారులంటారు.

ఫలితం 1956లో మెల్‌బోర్న్‌లో కనబడింది. ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి భారత జట్టు ఒలింపిక్స్ సెమీఫైనల్ చేరింది. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్ళు చేశాడు. చివరకు దక్కినది నాల్గవ స్థానం. ఆ జట్టులో అజీజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం మన జంటనగరాలవారే. బలరాం సికింద్రాబాదు చేరువలోని అమ్ముగూడ పేదయింటి బిడ్డ. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీమీద, పెరూమీద గోళ్ళు చేసినవాడు ఆ బలరామే.

1962 నాటికి రహీం సాహెబ్‌కు క్యాన్సర్ సోకింది. ఆ స్థితిలోనే జట్టును జకార్తాకు తీసుకొని వెళ్ళారు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఆ క్రీడలకు రానీయకపోవుటను భారత ప్రతినిధి ఒకరు ఆక్షేపించినందున అక్కడి ప్రజలు మనవారిమీద కోపంగా ఉన్నారు. తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో ఓటమి. పిదప థాయిలాండుతో ఆటలో రక్షకుడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. అట్టివానిని ఇంట కూర్చుండబెట్టుట సులభం. రహీం సాహెబ్ అతనిని సెమీఫైనల్‌లో ముందువరుసలో నిలిపారు. సెప్టెంబరు 4న మళ్ళీ దక్షిణ కొరియాయే ఎదురైనది. సుమారు లక్షమంది ప్రేక్షకుల హేళనల నడుమ పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు చేయగా భారత్ 2–1తో గెలిచింది. ఆ జనసమూహంలో మనవారిని ఉత్సాహపరచినవారు పాకిస్తాన్ హాకీ క్రీడాకారులని ఆనాటి ఆటగాళ్ళు చెప్పుకొన్నారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు అదే ఆఖరి స్వర్ణం. తొమ్మిది మాసాలకు, 1963 జూన్ 11న, రహీం సాహెబ్ కన్నుమూశారు.

ఇది చెప్పిన తరువాత మా విద్యార్థులు ఊరకుండలేదు. ఒక సాయంత్రం మన నల్లరేగడి మైదానంలో బలహీనమైన కాలి ఆట ఆడి చూచినాము. సంచులే గోలు స్తంభాలు. మొదటి ఇరువది నిమిషాలు నవ్వులే నవ్వులు. తన్నబోయి నేలమీద పడినవారే ఎక్కువ. నవ్వు ఆగిన తరువాత, ఎవరూ చెప్పకుండానే, బంతిని ఒకరికొకరు అందించుకొనుట మొదలైనది. చాలాసేపటికి ఒకే ఒక గోలు పడింది. చేసినవాడు ఎమ్మిగనూరు నుండి బస్సులో వచ్చే మగ్గం ఇంటి పిల్లవాడు. పుట్టుకతో ఎడమకాలివాడగుటచే అతనికి మాత్రం కుడికాలి నిబంధన పెట్టవలసివచ్చింది. నన్ను తొలుత ప్రశ్న అడిగిన విద్యార్థి గోలుకీపరు. గోలు పడినది అతనిమీదనే.

ప్రతి శుక్రవారం సాయంత్రం ఈ ఆట కొనసాగుతున్నది. వేసవిలో నేల పగుళ్ళు విచ్చును గనుక ఆలోగా పగుళ్ళలోకి మన్ను తోలించి, సంచులకు మారుగా రెండు జతల గోలు స్తంభాలు కమిటీవారు ఇప్పించగలరని కోరుచున్నాను.