పాత్రలపై ప్రజల తీర్పు

నాటకమును రచించువాడు కవి, ప్రదర్శించువాడు నటుడు, కాని పాత్రల గుణదోషములను తుదకు నిర్ణయించువాడు ప్రేక్షకుడే. కవి యెవనిని నాయకునిగా నిలిపెనో వానినే ప్రజలు నాయకునిగా నంగీకరింతురను నియమము లేదు. భారతకథ వినుచు కర్ణునికై కన్నీరు విడుచు మన పల్లెటూరి శ్రోతకు ఈ సంగతి నొకరు బోధింప నక్కఱలేదు. అతడు ధర్మరాజు పక్షమువాడే. అయినను రథచక్రము క్రుంగినప్పుడు అతని హృదయము శత్రుపక్షమునకు తరలిపోవును. ఇట్టి తీర్పు చైనాదేశమున టెలివిజను నాటకముల విషయమున నెట్లు జరుగుచున్నదో, దానివలన పాలకులకును రచయితలకును ఎట్టి చిక్కులు కలుగుచున్నవో మన పాఠకులు తెలిసికొనుట యుక్తమని మేము తలంచుచున్నాము.

ఇది వట్టి వినోద విషయము కాదు. చైనాలో నొక్క పక్షమే రాజ్యము చేయుచున్నది. పత్రికలు ఆ పక్షముయొక్క అదుపులో నున్నవి. పాలకుని పేరెత్తి విమర్శించుట అపాయకరము. కాని కథలోని అధికారిని నిందించుట కెవ్వరి యనుమతియు నక్కఱలేదు. అందుచేత అచ్చటి జనులు రాజకీయములను గూర్చియు, కుటుంబ ధర్మములను గూర్చియు, ధనమును గూర్చియు బహిరంగముగా చెప్పజాలని మాటలను కథాపాత్రలమీద మోపి చెప్పుచున్నారు. ప్రజాభిప్రాయమునకు ద్వారములు మూసినచో అది కిటికీలను వెదకుకొనును.

1990లో 'కవాంగ్' అను నాటకము ఏబది భాగములుగా ప్రసారమయ్యెను. ఆ పేరునకు 'తపన' యని యర్థము. ల్యూ హుయిఫాంగ్ అను కార్మిక యువతి అందు నాయిక. సాంస్కృతిక విప్లవ కాలమున దొరకిన యొక యనాథ శిశువును ఆమె తన బిడ్డగా పెంచును. భర్త వాంగ్ హుషెంగ్ చదువుకొన్నవాడు, దుర్బలచిత్తుడు, అతడామెను విడిచిపోవును. ఆమె పెంచిన బిడ్డ తన్ను చులకన చేసిన యాడుబిడ్డ కన్నదే యని తుదకు తేలును. ఇన్ని కష్టములు పడియు హుయిఫాంగ్ ఎవరిని పన్నెత్తి మాట యనదు. ఈ కథ ప్రసారమగు వేళ వీథులు నిర్మానుష్యమయ్యెనని నేటికిని చెప్పుకొందురు. పాలకపక్ష ప్రముఖుడు లీ రుయిహువాన్ 1991 జనవరిలో ఆ నాటకమును మెచ్చుకొనెను. తియానన్మెన్ దారుణము 1989లో జరిగి అప్పటికి రెండేండ్లయిన కాలేదు. ఓర్పునే పరమధర్మముగా చూపు కథ అట్టి సమయమున పాలకులకు రుచించుటలో వింత లేదు.

కాని ప్రేక్షకులు ఏకగ్రీవముగా తల యూపలేదు. హుయిఫాంగ్ వంటి కోడలు ఇంటింట నుండవలెనని కొందఱు కోరిరి. ఇంతటి మంచితనము ఆమెకే చేటు తెచ్చినది గదా, మా బిడ్డల కిట్టి పాఠము నేర్పవలెనా యని మఱికొందఱు స్త్రీలు ప్రశ్నించిరి. విద్యావంతులను పిఱికివారుగా, కృతఘ్నులుగా చిత్రించుట న్యాయమా యని పండితులు కినిసిరి. ఒక్క కథనుండి త్రోవకొక్క తగవు పుట్టెను. సాధుత్వమున కవధి యెక్కడ నను ప్రశ్న నాడు మొదలై నేటికిని తీరలేదు. అతిగా క్షమించు నాయికను నేటి చైనా యువతరము 'పవిత్ర మాత' యని యెగతాళి చేయుచున్నది.

ఆ యెగతాళిలో నొక చరిత్ర యిమిడియున్నది. 1966 మొదలు 1976 వఱకు సాగిన సాంస్కృతిక విప్లవమున చైనా రంగస్థలమును 'ఎనిమిది ఆదర్శ ప్రదర్శనములు' ఆక్రమించుకొనెను. వానిలో నాయకునకు దోషము లేదు; సందేహము లేదు. ప్రతినాయకునకు గుణమన్నది లేదు. పదేండ్లు అట్టి బొమ్మలను చూచి విసిగిన జాతి కళంకము లేని పాత్రను నమ్మకుండుట సహజము.

ఇరువది యేండ్లలో ఊగుడుబల్ల రెండవ వైపునకు వ్రాలెను. 2011లో 'జెన్ హువాన్ చరిత్ర' డెబ్బదియాఱు భాగములుగా వెలువడెను. దర్శకుడు జెంగ్ షియావోలాంగ్; ఇతడే 'కవాంగ్' నిర్మాణమునకును పూనుకొన్నవారిలో నొకడు. పదునెనిమిదవ శతాబ్దిలో యాంగ్‌జెంగ్ చక్రవర్తి యంతఃపురము కథాస్థలము. అమాయకురాలుగా ప్రవేశించిన జెన్ హువాన్ మోసములకు గుఱియై, వంచనను వంచనతోనే జయించి, తుదకు రాజమాతయై నిలుచును. 2013లో 'పీపుల్స్ డైలీ' పత్రికలో నొక విమర్శకుడు ఈ కథను కొరియా దేశపు 'దే జాంగ్ గమ్' తో పోల్చి, కొరియా నాయిక సద్గుణముచేత గెలిచెను గాని జెన్ హువాన్ చెడ్డవారికంటె చెడ్డదై గెలిచినదని నిందించెను. ఈ నింద త్రోసివేయదగినది కాదు. కాని ప్రేక్షకులిచ్చిన యుత్తరమును త్రోసివేయదగినది కాదు. తాము పనిచేయు కార్యాలయములే యంతఃపురములని, పైవాని కనుసన్నకు బ్రతుకుట, తోడివాని పన్నాగమునకు జాగ్రత్తపడుట తమ నిత్యకృత్యమని వారనిరి. జెన్ హువాన్ గెలుపును పండుగగా గాక విషాదముగా చూచినవారును పెక్కుమంది కలరు. ఆమె సింహాసనము చేరుసరికి ప్రేమించుటకు ఎవ్వరును మిగులలేదు గదా! అద్దమున ముఖము వికారముగా కనబడినచో అద్దము నొక్కదానినే తప్పుపట్టి ప్రయోజనమేమి?

2018లో వచ్చిన 'యాన్‌షీ అంతఃపుర కథ'లో నాయిక వెయ్ యింగ్లో ఓర్పునకు నీళ్లు వదలినది. దెబ్బకు దెబ్బ వెంటనే తీయును. డెబ్బది భాగముల యీ కథను ప్రజలు విరగబడి చూచిరి. 2019 జనవరిలో 'బీజింగ్ డైలీ' పత్రిక ఇట్టి అంతఃపుర కథలు విలాసమును కుట్రలను ప్రోత్సహించుచున్నవని వ్రాసెను. అటుపిమ్మట కొలది దినములకే కొన్ని టెలివిజను కేంద్రములు ఆ నాటకమును ప్రసార పట్టికనుండి తొలగించెను.

ఇచ్చట మేము స్పష్టముగా చెప్పవలసిన మాట యొకటి కలదు. నాటకమును విమర్శించుట పత్రికాధిపతి హక్కు. కాని వ్యాసము వెలువడినంతనే ప్రదర్శనము ఆగిపోవునేని అది విమర్శ కాదు, ఆజ్ఞ. మన దేశమున బ్రిటిషు ప్రభుత్వము 1876లో నాటక ప్రదర్శనల చట్టమును చేసి, తనకు రాజద్రోహముగా తోచిన నాటకమును నిషేధించు నధికారమును చేజిక్కించుకొనెను. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారి 'రైతుబిడ్డ' చిత్రము జమీందారుల యాగ్రహమునకు గుఱియై కొన్నిచోట్ల నిషేధింపబడుట ఆంధ్రుల కెఱుకయే. నాడు నీతిరక్షణము, శాంతిరక్షణము అను పేరులతోనే నోళ్లు కట్టిరి. ప్రజల నీతిని కాపాడెదనను ప్రభుత్వము ముందుగా ప్రజలకు నీతి తెలియదని తీర్మానించుకొనుచున్నది. ఆ తీర్మానము తప్పని చైనా ప్రేక్షకులే పలుమాఱులు నిరూపించిరి.

దీనికి 2017లో ప్రసారమైన 'ప్రజల పేరిట' అను నాటకము సాక్షి. అచ్చటి యత్యున్నత ప్రజా అభియోగ సంస్థయే దాని నిర్మాణమున పాలుగొనెను. రచయిత జౌ మేయ్‌సెన్. 2004లో నేరపరిశోధన నాటకములను ముఖ్యప్రసార వేళనుండి వెలివేసిన పిమ్మట అవినీతిపై నింతటి నాటకము వచ్చుట చిరకాలమునకు జరిగినది. గోడలలోను పఱుపులోను శీతల యంత్రములోను నోట్లకట్టలు దాచిన చిన్నయధికారి వృత్తాంతముతో కథ మొదలగును. లంచగొండులను పట్టుకొను హౌ లియాంగ్‌పింగ్ నాయకుడు. కాని ప్రజల మనస్సు అతనియందు నిలువలేదు. మచ్చలేని యతని ముఖమున వారికి పాత యాదర్శ ప్రదర్శనముల ఛాయ కనబడెను గాబోలు.

వారి హృదయము నాకర్షించినవాడు ప్రతినాయకుడైన చీ తోంగ్‌వేయ్. అతడు పేదరైతు కొడుకు, న్యాయశాస్త్ర పట్టభద్రుడు. మాదకద్రవ్యముల ముఠాతో పోరాడి మూడు తుపాకి గుండ్లు తగిలించుకొనియు పలుకుబడి లేనందున తగిన యుద్యోగము పొందజాలడు. తనకంటె పదేండ్లు పెద్దయైన యొక యధికారి కూతురి యెదుట, విద్యాలయ ప్రాంగణమున నందఱు చూచుచుండగా మోకరిల్లి వివాహమాడుమని వేడుకొనును. నాటినుండి అతనికి పదవులన్నియు లభించును, పాపములన్నియు సంక్రమించును. తుదకు తాను వీరుడైన కొండమీదనే ఆత్మహత్య చేసికొనును. ఏండ్లు గడచినకొలది ఇతనిపై జాలి పెరిగినదే గాని తగ్గలేదు. ఇతడు దోషి యని యెఱుగనివారు లేరు. కాని ప్రతిభ గల పేదవాడు మోకరిల్లినగాని పైకి రానీయని వ్యవస్థకు శిక్ష యేదీ యని ప్రేక్షకుడు అడుగుచున్నాడు. అభియోగ సంస్థ అవినీతిపరుని ముద్దాయిగా నిలుపగా, ప్రజలు అతని ప్రక్కన మఱియొక ముద్దాయిని నిలిపిరి. కర్ణుని కథ తెలిసిన మన కిది క్రొత్త తర్కము కాదు.

ఆ నాటకముననే వేఱొక చిన్న దృశ్యము కలదు. ప్రజల యర్జీలు పుచ్చుకొను కార్యాలయపు కిటికీ మిక్కిలి క్రిందుగా నుండుటచే అర్జీదారుడు నిలువలేక, కూర్చుండలేక, సగము వంగి మాటలాడవలెను. నగర పక్ష కార్యదర్శి లీ దాకాంగ్ దానిని చూచి మండిపడును. ప్రజలు ఆ కిటికీని వెంటనే గుర్తుపట్టిరి. జెంగ్‌జౌ నగరమున నొక ప్రభుత్వ కార్యాలయమున అట్టి కిటికీలే యున్నవని వార్త వెలువడగా, అధికారులు వానిని చక్కజేయవలసి వచ్చెను. తాలూకా కచేరి కిటికీకడ నిలిచి యెఱిగిన మన రైతు సోదరులకు ఈ దృశ్యముయొక్క విలువ వేఱుగా చెప్పనేల?

కథ నడపు తీరును గూర్చియు అచ్చటి ప్రేక్షకుల తీర్పు పదునైనది. భాగముల లెక్కన సొమ్ము ముట్టు వ్యాపారమున కథను సాగదీయుట లాభము. అట్టి నాటకమును వారు 'నీరు పట్టించినది' అందురు. పాడి గల యిండ్లవారికి ఆ మాట విడమఱచి చెప్పనక్కఱలేదు. 2020లో ప్రభుత్వ ప్రసార శాఖ నాటకములు నలువది భాగములకు మించరాదని, ముప్పదిలోపల నుండుట మేలని సూచించెను. ముగింపు చెడినచో 'తోక కుళ్లినది' అందురు. 2019లో వచ్చిన 'అంతయు క్షేమమే' అను నాటకమున కొడుకులకై కూతురు సూ మింగ్‌యూకు దక్కవలసినదంతయు తల్లి దోచిపెట్టును. తండ్రి నోరు మెదపడు. పిమ్మట ఆ తండ్రికి మతిమఱుపు వ్యాధి రాగా, ఆ కూతురే ఉద్యోగము వదలి యతనికి సేవచేయును. ఈ ముగింపును పెక్కుమంది స్త్రీలు సహింపలేదు. అన్యాయము చేసినవారు క్షమాపణ చెప్పకయే క్షమ లభించుట సఖ్యత కాదని, కథను ముగించుటకై కూతురిని మఱల బలియిచ్చిరని వారు వాదించిరి. ఇరువదితొమ్మిదేండ్లకు ముందు హుయిఫాంగ్ విషయమున పుట్టిన ప్రశ్నయే ఇచ్చట మఱల తలయెత్తినది.

ప్రభుత్వ ప్రోత్సాహముతో వచ్చినదెల్ల ప్రజలు ద్వేషింతురనుటయు సరికాదు. 2021 జనవరిలో 'షాన్‌హాయ్ చింగ్' అను నాటకము ఇరువదిమూడు భాగములలో ముగిసెను. నీటిచుక్క దొరకని నింగ్‌షియా కొండపల్లెల జనము ఎడారి నేలకు వలసపోయి, సముద్రతీరమందలి ఫూజియాన్ రాష్ట్రపు సాయముతో నూతన గ్రామము నిర్మించుకొను కథ యిది. ప్రచారార్థమే నిర్మింపబడినను ప్రేక్షకులు దీనికి పట్టము గట్టిరి. ఏలన, అందు మనుష్యులు మనుష్యులవలె నున్నారు. పెంచుకొనుమని ప్రభుత్వమిచ్చిన కోళ్లను ఆకలికి తాళలేక ఊరివారు తినివేయుదురు. ఒక తండ్రి గాడిదకును, గొఱ్ఱెలకును, నీటి గుంటకును బదులు కూతురిని పెండ్లి పేర నమ్ముకొనును. పుట్టగొడుగుల సాగు మొదట కాసులు కురిపించి, పంట మితిమీరగా ధర పడిపోవును. సాగు నేర్పిన ఆచార్యుడు తన చేతిసొమ్ముతో రైతుల నాదుకొనును. పంట పండియు చెడిపోవుట యెట్టిదో తెలిసిన రైతు ఈ ఘట్టమును చూచి ఇది ప్రచారమని పెదవి విఱువడు. సత్యము చెప్పిన ప్రచారమునకు గూడ ప్రజలు చెవియొగ్గుదురు. సత్యము లేని కళకు ఎంత వెచ్చించినను ఒగ్గరు.

ముప్పదియేండ్ల యీ చర్చనుండి మనము గ్రహింపవలసినది యేమి? ప్రేక్షకుడు పసివాడు కాడు. చెడుపాత్రను చూచినంతనే చెడిపోడు. మంచిపాత్రను చూపినంతనే మ్రొక్కడు. అతడు పాత్రనుండి నీతిని గాక న్యాయమును కోరుచున్నాడు. త్యాగము చేసినవారికి ఫలమేది, వంచకునకు వంచన నేర్పినదెవ్వరు, పేదవానిని మోకరిల్లజేసినదెవ్వరు అనునవి అతని ప్రశ్నలు. వీనిలో నొక్కటియు నాటకశాలకు మాత్రము చెందినది కాదు.

మన తెలుగు ఇండ్లలోను ప్రతి సాయంకాలము ధారావాహికలు నడుచుచున్నవి. వందలకొలది భాగములు సాగుచున్నవి. వానిని చూచుట తప్పని మేము చెప్పము. కాని చూచినదానిపై తీర్పు చెప్పకుండుట తప్పు. కన్నీరు కార్చు కోడలే ఉత్తమురాలా, నీరు పట్టించిన కథకు మన సాయంకాలములను ధారపోయవలెనా యని ఇంటిల్లిపాది కూర్చుండి తర్కింపవలెను. నోరు విప్పి మాటలాడుటకు భయపడవలసిన దేశమున ప్రజలు కల్పితపాత్రల నెపమున నింత విచారణ సలుపుచుండగా, స్వాతంత్ర్యమును పోరాడి సాధించుకొన్న మనము ఊరకుండుట కేమి సమాధానము చెప్పగలము?