అట్టముక్కలతో గేట్‌మ్యాన్ గది



బొమ్మ రైలు కొనిస్తే పిల్లలు కొన్నాళ్లు ఆడి పక్కన పెట్టేస్తారు. ఆ పట్టాల పక్కన లెవల్ క్రాసింగ్ గది ఒకటి వాళ్లే కట్టుకుంటే ఆట మళ్లీ మొదలవుతుంది. లెక్కల పుస్తకంలోని నిష్పత్తులూ చేతికి అందుతాయి.

కొలతలు ఎలా?

మోడల్ రైళ్లలో బాగా వాడుకలో ఉన్న స్కేలు హెచ్‌ఓ. ఇందులో ప్రతిదీ అసలు సైజులో 87వ వంతు ఉంటుంది. 210 సెంటీమీటర్ల తలుపు 24 మిల్లీమీటర్లవుతుంది.

కొలతల కోసం పట్టాల దగ్గరికి వెళ్లనక్కర్లేదు, వెళ్లకూడదు కూడా. రోడ్డు వైపు నుంచి, గోడకు సరిగ్గా ఎదురుగా నిలబడి ఫోటో తీస్తే చాలు. పక్క నుంచి తీస్తే కొలతలు తప్పుతాయి. ఫోటోలో గోడ వెడల్పు తలుపు ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఉందనుకోండి. అసలు గోడ సుమారు 315 సెంటీమీటర్లు, మోడల్‌లో 36 మిల్లీమీటర్లు.

కావలసినవి

2 మిల్లీమీటర్ల మందం అట్ట, పాత శుభలేఖలు, అగ్గిపుల్లలు, ఫెవికాల్, స్టీలు స్కేలు, కట్టర్.

తయారీ

గోడలు అతికించకముందే తలుపు, కిటికీలు కోసి రంగు వేయాలి. కిటికీ అద్దాలకు చొక్కా ప్యాకెట్ మీది ప్లాస్టిక్ సరిపోతుంది. మూలలు నిటారుగా నిలవడానికి లోపల అగ్గిపుల్లలు అతికించాలి. శుభలేఖ అట్టతో కప్పు వేసి, గోడల కంటే అన్ని వైపులా 4 మిల్లీమీటర్లు బయటకు వదలాలి. చివరగా పలచటి టీ డికాక్షన్ పూస్తే వాన మరకలు పడ్డట్టు కనిపిస్తుంది.

తప్పు ఎక్కడ జరుగుతుంది?

చతురస్రపు గది కదా అని పిల్లలు నాలుగు గోడలూ 36 మిల్లీమీటర్లకే కోస్తారు. పక్క గోడలు ముందు, వెనక గోడల మధ్య కూర్చుంటాయి కాబట్టి రెండు అట్టల మందం, అంటే 4 మిల్లీమీటర్లు తగ్గించి 32కు కోయాలి. లేకపోతే గది పొడుగ్గా సాగి, చతురస్రంగా కోసిన కప్పు సరిగా కూర్చోదు.

ఇక్కడే మీ సహనానికి పరీక్ష. వెంటనే సరిచేసి ఇవ్వకండి. "ఎందుకు కూర్చోలేదంటావు?" అని అడిగి ఆగండి. ఎర్ర ఇంకు, మార్కులు లేకుండా తన తప్పును తనే పట్టుకునే అవకాశం పిల్లలకు తరచూ దొరకదు. కట్టర్ పని మాత్రం మీ చేతుల్లోనే ఉంచుకోండి. గీతలు, కొలతలు, రెండోసారి కట్టడం వాళ్లకు వదిలేయండి.