బడిలో బైబిలు, విద్యార్థికి 60 డాలర్లు

టెక్సాస్ ప్రభుత్వ బడుల్లో బైబిలు పాఠాలు వచ్చాయని విని మనలో చాలామంది దేవుని స్తుతించారు. డల్లాస్, హ్యూస్టన్ ప్రాంతాల తెలుగు విశ్వాసుల పిల్లలు ఎందరో చదివేది ఆ బడుల్లోనే గనుక సంగతి సరిగా తెలుసుకోవాలి.

2023లో అక్కడి శాసనసభ 1605వ నంబరు బిల్లును ఆమోదించింది. రాష్ట్ర విద్యామండలి ఒప్పుకున్న పుస్తకాలకు విద్యార్థికి 40 డాలర్లు, రాష్ట్రమే తయారు చేయించిన పుస్తకాల ముద్రణకు మరో 20 డాలర్లు. ఆ రెండో రకమే బ్లూబానెట్. అందులో మంచి సమరయుడు ఉన్నాడు, ఎస్తేరు రాణి ఉంది. 2024 నవంబరులో మండలి 8-7 ఓట్లతో దాన్ని అంగీకరించింది. వాడి తీరాలన్న బలవంతం లేదు.

అయితే బడులకు వెళ్లే ఇంటిపన్నులో మినహాయింపు కూడా 2023లోనే 40,000 నుండి 1,00,000 డాలర్లకు, 2025లో 1,40,000కు పెరిగింది. ఇంటివారికి మేలే. ఆ లోటు పూడ్చవలసింది రాష్ట్ర ఖజానా. అంటే బడి ఇప్పుడు రాజధాని వైపే ఎక్కువగా చెయ్యి చాచాలి. అలాంటప్పుడు 60 డాలర్లు చిన్న మాట కాదు.

మేము దీనికి సంతోషించలేకపోతున్నాము. మన దేశంలో వేరొకరి గ్రంథాన్ని పాఠ్యపుస్తకంలో పెడితే మనమేమంటాము? అదే కొలత అక్కడా ఉండాలి గదా! సమరయుని కథ విశ్వసించి చెప్పేవారి నోట వినాలి, నిధుల కోసం కాదు.

అక్కడి తల్లిదండ్రులు తమ జిల్లా ఏ పుస్తకాలు ఎంచుకుందో అడగవచ్చు. పాఠాలను చూసే హక్కు అదే చట్టం ఇచ్చింది.