శకుని మామని ఎందుకు మరిచిపోలేం?

దూరదర్శన్‌లో మహాభారతం సీరియల్ 1988 అక్టోబర్ 2 నుంచి 1990 జూన్ 24 దాకా, ఆదివారం పొద్దున పూట, 94 భాగాలు వచ్చింది. అంతా హిందీ. మా ఊళ్ళో టి.వి. ముందు కూర్చున్న పిల్లలకి ముక్క అర్థమయ్యేది కాదు. అయినా శకుని మామ వచ్చాడంటే ఎవరి కొంపో మునుగుతుందని తెలిసిపోయేది.

ఎలాగంటే, ఆ వేషం వేసిన గూఫీ పెంటల్ (2023 జూన్‌లో చనిపోయారు) ముందు ఒంటితోనే చెప్పేసేవారు. కుంటుతూ వస్తారు. ఒక కన్ను సగం మూస్తారు. అరచేతుల మధ్య పాచికలు గలగలా రుద్దుతారు. దుర్యోధనుణ్ణి "భాంజే" అని సాగదీసి పిలుస్తారు. భాంజే అంటే మేనల్లుడు. నేను నేర్చుకున్న మొదటి హిందీ మాట అదే! ఈ గుర్తులు ఎప్పుడూ మారవు, అందుకే భాష రాకపోయినా పాత్ర పట్టుబడుతుంది. భీష్ముడు గొప్పవాడే గాని ఆయన్ని ఆడి చూపించడం మావల్ల అయ్యేది కాదు. శకుని అయితే నాలుగు చింతపిక్కలుంటే చాలు.

ఒక్క సంగతి. వ్యాసభారతంలో శకుని కుంటివాడని లేదు. అది సీరియల్లో చూపించిన గుర్తు. మాకదేం తెలుసు? హాస్టల్లో పోలియో కాలున్న మా తోటివాణ్ణి అందరం "శకునీ" అనేవాళ్ళం. నేనూ అన్నాను. పాపం, వాడు ఏ ఆటకీ వచ్చేవాడు కాదు. సారు హాజరు పిలిచినప్పుడే వాడి అసలు పేరు వినబడేది.