చలి పొద్దున బండి మొండికేస్తే

చల్లబడ్డ ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. మండేదేమో గాలిలో కలిసిన ఆవిరే. బరువు లెక్కన సుమారు 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు కలిస్తే పూర్తిగా మండుతుంది. చల్లని ఇంజనులో ఆ పెట్రోలులో కొంత గోడలకు చెమ్మలా అంటుకుపోతుంది. ఆ లోటు పూడ్చడానికే చోక్. కొన్ని కార్బురేటర్లలో అది పళ్లెం లాంటి మూతతో గాలిని తగ్గిస్తుంది, మరికొన్నింట్లో చిన్న పిన్ను పైకి లేచి పెట్రోలుకు అదనపు దారి ఇస్తుంది.

రెడ్డిగూడెం, మైలవరం వైపు మామిడి తోటల మధ్య ఊళ్లలో ధనుర్మాసం మంచుకు సీటంతా తడిసి ఉంటుంది. పాలక్యాను తగిలించుకుని బయల్దేరే వేళకు బండి లేవకపోతే అందరూ చలినే తిడతారు. నిజానికి ఇక్కడి చలి అంత పెద్దదేం కాదు. బాగున్న బండి చోక్ వేసి కొడితే రెండు మూడు కిక్కులకు అందుకోవాలి. చలి కొత్త జబ్బేమీ తేదు, ఉన్నదాన్ని బయటపెడుతుంది.

పిన్ను రకం చోక్ వేసినప్పుడు ఎక్సలేటర్ తిప్పకూడదు. తిప్పితే చోక్ దారిలో లాగుడు తగ్గిపోతుంది. బండి అందుకున్నాక నిమిషంలోపే చోక్ తీసెయ్యాలి. మరిచిపోతే నల్ల పొగ, ప్లగ్గుకు మసి, మైలేజీకి గండి. హ్యాండిల్ దగ్గర చోక్ మీట ఉన్న బండ్లలో కేబుల్ తుప్పు పట్టి, మీట కదిలినా కింద పిన్ను లేవకపోవచ్చు.

పది కిక్కులకూ లేవకపోతే ప్లగ్గు విప్పి చూడాలి. తడిగా ఉంటే పెట్రోలు అందుతోంది, నిప్పురవ్వ రావడం లేదు, లేదా పెట్రోలు ఎక్కువైంది. ప్లగ్గు తుడిచి బిగించి, చోక్ తీసి, ఎక్సలేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఐదారు కిక్కులు కొట్టాలి. ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు. ట్యాంకు కాక్ నుంచి మొదలుపెట్టి కిందికి వెతుక్కుంటూ రావాలి.

చోక్ ఉన్నంతసేపూ నడిచి, తీయగానే ఆగిపోయే బండికి చాలాసార్లు కార్బురేటర్‌లోని స్లో జెట్ పూడుకుని ఉంటుంది. ఇత్తడితో చేసిన ఈ చిన్న ముక్క మధ్య సూదిమొన దూరేంత రంధ్రమే ఉంటుంది. వెలుగుకేసి పెడితే అవతల చుక్కంత కాంతి కనపడాలి. వారాల తరబడి నిలబెట్టిన బండిలో పెట్రోలు ఆవిరై, మిగిలిన జిగురు ఈ రంధ్రాన్నే మూస్తుంది. దాన్ని తీగతో పొడవడం ఊళ్లలో అలవాటు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే మైలేజీ పోతుంది. క్లీనర్ స్ప్రే, పంక్చర్ షాపు గాలి చాలు.

కార్బురేటర్ అడుగు స్క్రూ వదులు చేసి పాత పెట్రోలును గాజు సీసాలోకి వంపితే, నీరు చేరి ఉంటే అడుగున వేరుగా నిలుస్తుంది. ఇథనాల్ కలిపిన పెట్రోలు తేమను పీలుస్తుంది కాబట్టి ఈ పరీక్ష ఇప్పుడు మరీ అవసరం. గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసే మిక్చర్ స్క్రూ జోలికి అన్నిటికన్నా చివర, అదీ ఇంజను వేడెక్కాకే వెళ్లాలి. ఎన్ని చుట్లు తిప్పిందీ లెక్క పెట్టుకోవాలి.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో ఎక్కువ వాటికి కార్బురేటరే లేదు, ఆ పని కంప్యూటరు చూసుకుంటుంది. పాత బండి ఉన్నవారు మాత్రం పెట్రోలు వంపే పని చలిమంటకు, చుట్టకు దూరంగా పెట్టుకోవాలి.