బుడ్డబుడమకు ముప్పు లేదా?

తొలకరి పడి నేల తడిస్తే చాలు, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల చెలక గట్ల మీద, పత్తి సాళ్ల మధ్య, పెంటకుప్పల పక్కన ఎవరూ విత్తని ఓ మొక్క లేస్తుంది. మోకాలెత్తుకు మించి పెరగదు. లేత పసుపు పూలు తలవంచుకుని పూస్తాయి. పూరేకులు రాలాక రక్షక పత్రాలు ఉబ్బి, పలుచని కాగితపు బుడ్డీలా కాయను కప్పేస్తాయి. లోపలి కాయ పండగానే ఆ పొరతో సహా నేల రాలుతుంది. పొర విప్పితే చిన్న గోళీ అంత పండు, దాని నిండా సన్నని గింజలు. దీన్నే బుడ్డబుడమ అంటారు, కొన్నిచోట్ల కుప్పంటి అనీ పిలుస్తారు. శాస్త్రనామం ఫైసాలిస్ మినిమా. ఆ పేరు పెట్టింది కార్ల్ లిన్నేయస్, 1753లో.

టమాటా, వంకాయ, మిరప, పొగాకు పుట్టిన కుటుంబమే దీనిదీ. పండిన కాయ తియ్యగా, కాస్త పుల్లగా ఉంటుంది. పచ్చికాయ మాత్రం తినకూడదు, అందులో విషపదార్థాలుంటాయి.

ఈ మొక్కల వంశం చాలా పాతది. దక్షిణ అమెరికా కొసన, అర్జెంటీనాలోని పటగోనియాలో సుమారు 5.2 కోట్ల ఏళ్ల నాటి బుడ్డకాయ శిలాజాలు దొరికాయని 2017 జనవరిలో 'సైన్స్' పత్రిక ప్రకటించింది. పొర, దాని ఈనెలు, లోపలి కాయ ఆనవాలు అన్నీ ఆ రాతిలో కనిపించాయి. నేడు ఫైసాలిస్ రకాల్లో ఎక్కువ భాగం మెక్సికోలోనే ఉన్నా, కొన్ని మాత్రం ఆసియా, ఆఫ్రికా ఉష్ణమండలాల్లో తరతరాలుగా స్థిరపడి స్థానికంగా కలిసిపోయాయి.

ఇంత విస్తారంగా ఉన్న మొక్కకు ముప్పు ఉందా? అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) 1964 నుంచి నిర్వహిస్తున్న రెడ్ లిస్టుకు, అంటే ముప్పున్న జీవుల ప్రపంచ జాబితాకు, కొన్ని కొలతలున్నాయి. పదేళ్లలోనో మూడు తరాల్లోనో, రెండింటిలో ఏది ఎక్కువైతే ఆ కాలంలో, సంఖ్య కనీసం 30 శాతం తగ్గాలి. లేదా మొక్క విస్తరించిన ప్రాంతం 20,000 చదరపు కిలోమీటర్లకు లోపు కుంచించుకుపోయి, దానికి తోడు క్షీణత లక్షణాలు కనిపించాలి. ఇలాంటి ఏదో ఒక కొలతకు సరిపోతేనే మొక్క 'ముప్పు' మెట్లలో మొదటిది ఎక్కుతుంది. ఖండాలు దాటి పెరిగే బుడ్డబుడమ ఈ లెక్కన ఆందోళన అక్కర్లేని మొక్కే.

లెక్క తప్పు కాదు. అయితే సూర్యాపేట జిల్లా మొత్తం విస్తీర్ణమే సుమారు 3,600 చదరపు కిలోమీటర్లు. జిల్లా అంతటా ఈ మొక్క మాయమైనా ప్రపంచ జాబితాలో అక్షరం మారదు.

ఈ ప్రాంతపు నేల రూపు మారింది నాగార్జునసాగర్ నీటితో. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు కాలువలకు 1967 ఆగస్టులో నీళ్లు వదిలారు. ఎడమ కాలువ పారిన చోటల్లా మెట్ట చేలు వరి మడులయ్యాయి. మిర్యాలగూడ బియ్యం మిల్లుల పట్టణంగా ఎదిగింది. లక్షల ఇళ్లకు అన్నం పెట్టిన ఆ మార్పు విలువ తగ్గించలేనిది. కానీ జొన్న, పెసర, కంది కలిసి పెరిగిన చెలకల్లో ఉండే బుడ్డబుడమకు నీళ్లు నిలిచే మడిలో చోటు లేదు. దానికి మిగిలింది గట్లు, మెట్ట చేలే.

ఆ గట్ల మీదికీ ఇప్పుడు గడ్డిమందు వచ్చింది. కూలీల కొరత, కలుపు ఖర్చు రైతును ఆ వైపు నెడుతున్నాయి, అందుకు రైతును తప్పుపట్టలేం. బుడ్డబుడమ ఒక్క కారులో మొలిచి, కాసి, ఎండిపోయే మొక్క. కాయ ముదరకముందే మందు పడితే ఆ ఏడు విత్తనం నేల రాలదు. ఏటా అదే జరిగితే నేలలో దాగిన గింజల నిల్వ క్రమంగా తరిగిపోతుంది. గ్లైఫోసేట్ అనే గడ్డిమందు వాడకాన్ని 2022 అక్టోబరులో కేంద్రం శిక్షణ పొందిన తెగుళ్ల నివారణ నిర్వాహకులకే పరిమితం చేసింది. ఆ ఆంక్ష వెనుక ఉన్నది మనుషుల, పశువుల ఆరోగ్యంపై ఆందోళనే, గట్టు మొక్కలపై కాదు.

కలుపు మొక్క పోతే పోనీ అనడం తొందరపాటు. 2018లో అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు, వారి సహచరులు దీని బంధువైన గ్రౌండ్‌చెర్రీలో జన్యువులను సవరించి, మొక్క గుబురుగా, కాయ పెద్దగా వచ్చేలా చేశారు. గట్టు మొక్క రేపటి పంట కాగలదని ఆ ప్రయోగం చూపింది. ఇక జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు విత్తకుండా మొలిచే ఆకుకూరలను ఆహారంగానే గౌరవిస్తూ వచ్చారు. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ దక్కింది.

కాపాడే మార్గం చట్టంలోనే ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారుచేయాలి. ఈ పని 2020 జనవరి 31కల్లా పూర్తిచేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు కూడా పెట్టింది. ఊళ్లో ఏ మొక్క ఎక్కడుంది, ఎవరు ఎలా వాడతారు అన్నది రాసుకునే పుస్తకమది. ప్రపంచ జాబితా చూడలేని గట్టును చూడగలిగేది అదొక్కటే.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మండలాల పంచాయతీలు తమ రిజిస్టర్లు తెరిచి బుడ్డబుడమ పేరు ఉందో లేదో చూడాలి. లేకపోతే ఊరి పెద్దలను, పశువుల కాపరులను అడిగి రాయించాలి. రైతులు ఒక్క గట్టునైనా కాయ పండేదాకా గడ్డిమందు లేకుండా వదలాలి. బడి పిల్లలు పండిన కాయల గింజలు ఎండబెట్టి, వచ్చే తొలకరికి బడి ఆవరణలో చల్లాలి. ఖర్చు లేని ఈ పని ఈ వానాకాలమే మొదలుపెట్టవచ్చు.