వర్షపాత బీమా: అమ్మకాల లెక్క, ప్రయోజనాల లెక్క

2003 ఖరీఫ్‌లో బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కంపెనీ ప్రపంచ బ్యాంకు సాంకేతిక సహకారంతో మహబూబ్‌నగర్ జిల్లాలోని వేరుశనగ, ఆముదం రైతులకు వర్షపాత సూచీ ఆధారిత బీమాను ప్రవేశపెట్టాయి. దేశంలో ఈ తరహా బీమాకు అదే తొలి ప్రయోగం. ఇందులో పంట నష్టాన్ని పొలంలో అంచనా వేయరు. వర్షమాపక కేంద్రంలో నమోదైన వాన నిర్ణీత పరిమాణం కంటే తగ్గితే పరిహారం చెల్లిస్తారు. క్లెయిమ్ కోసం తిరగనవసరం లేదు గనుక రైతుకు మేలు జరిగి తీరుతుందని నమ్మడం సులువే. ఆ నమ్మకాన్నే ఫలితంగా నమోదు చేయడం తరచుగా జరిగే పొరపాటు.

అమ్ముడైన పాలసీల సంఖ్య కంపెనీ విస్తరణను తెలుపుతుందే గాని రైతు స్థితిని తెలుపదు. కొన్నవారిని కొననివారితో పోల్చడంలో చిక్కు ఇంకా పెద్దది. జేవియర్ జినే, రాబర్ట్ టౌన్సెండ్, జేమ్స్ వికరీ 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం కొన్నవారిలో కలిగిన కుటుంబాలు, బేసిక్స్‌తో ముందే పరిచయం ఉన్నవారు ఎక్కువ. అప్పు పుట్టని కుటుంబాలు తక్కువగా కొన్నాయి. నష్టభయం ఎక్కువగా ఉన్నవారే బీమాకు ముందుకు వస్తారన్న సిద్ధాంతమూ నిలువలేదు, వారే వెనుకాడారు. కాబట్టి పాలసీదారుల ఆదాయం మెరుగ్గా కనిపిస్తే, ఆ తేడా పాలసీకి ముందే ఉండి ఉండవచ్చు.

ఈ చిక్కును తప్పించేందుకు షాన్ కోల్, జినే, వికరీ మరొక ప్రయోగంలో బీమా ఎవరికి అందాలో లాటరీ పద్ధతిన నిర్ణయించారు. బీమా పొందిన రైతులు, ముఖ్యంగా చదువుకున్నవారు, అధిక రాబడితో పాటు అధిక రిస్కు ఉన్న వాణిజ్య పంటల వైపు మొగ్గారు. ఇది నిస్సందేహంగా ప్రభావమే. మేలా కాదా అన్నది వేరే ప్రశ్న. కేంద్రం వద్ద వాన కురిసి, కొన్ని కిలోమీటర్ల దూరంలోని చల్క నేల ఎండిపోతే ఆ రైతుకు పంటా దక్కదు, పరిహారమూ రాదు. సర్వేలో మొదట పలకరించవలసినది ఇటువంటి రైతును. సాధారణంగా కంపెనీ జాబితా నుండి ఎంపికయ్యేది పరిహారం అందుకున్నవారు. పైగా ప్రశ్నించేది రుణమిచ్చే సంస్థ సిబ్బందే అయితే, వచ్చే ఏడాది అప్పు అవసరమైన రైతు నిష్ఠూరంగా మాట్లాడడు.

ఒక్క ఏడాది సర్వే కూడా చాలదు. మంచి వానల ఏడు ప్రీమియం వృథాగా, కరువు ఏడు అదే వరంగా తోస్తుంది. ఇక్రిశాట్ 1975 నుండి డోకూర్ వంటి గ్రామాలలో అవే కుటుంబాలను ఏళ్ల తరబడి పరిశీలించినది ఈ హెచ్చుతగ్గుల కోసమే.

ఒకచోటి ఫలితాన్ని పొరుగుకు వర్తింపజేయడానికీ హద్దు ఉన్నది. నల్లగొండలో దేవరకొండ మెట్ట రైతుకు వాన ఆలస్యమైతే విత్తనమే ప్రశ్న. సాగర్ ఎడమ కాలువ కింది మిర్యాలగూడ వరి రైతు చూసేది జలాశయం నీటిమట్టాన్ని.